పట్నంలో అద్దె ఇల్లు, ఊళ్ళో ఖాళీ గది



మా బూర్గంపాడు సంఘములో పిల్లలు చదువులకు, కొలువులకు పట్నం వెళ్తుంటే మేము ఎన్నో ఇళ్ళలో ప్రార్థన చేసి పంపాము. "దిగులు పడకండి, అన్నీ ప్రభువే చూసుకుంటాడు" అని ధైర్యం చెప్పి, వాళ్ళు పెట్టిన టీ తాగి వచ్చేవాళ్ళము. ఆ పిల్ల అక్కడ ఎవరింట్లో ఉంటుంది, రాత్రి పని దిగాక ఏ సందులో నడిచి ఇల్లు చేరుతుంది అని ఒక్క తల్లిని కూడా అడిగిన గుర్తు లేదు. 2024 జూన్ నెలలో మా సొంత అమ్మాయిని పంపవలసి వచ్చినప్పుడు గాని ఆ ప్రశ్నలు మాకు తట్టలేదు. ఆ మూడు రోజుల్లో జరిగినదీ, దానివల్ల మా గురించి మాకు తెలిసినదీ దాచకుండా రాస్తున్నాము. పిల్లలను పట్నం పంపే కుటుంబాలకు కొంతైనా పనికి వస్తుందని మా ఆశ.

మా పెద్దమ్మాయి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసింది. హైదరాబాదులో అమీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. దాని తమ్ముడు ఇంటర్ పాసై అక్కడే డిగ్రీలో చేరవలసి ఉన్నది. మొదట హాస్టలు అనుకున్నాము. అమీర్‌పేటలో గాని, దిల్‌సుఖ్‌నగర్‌లో గాని ఆడపిల్లల హాస్టళ్ళకు కొదువ లేదు. కాని నర్సు పని మూడు పూటల పని. రాత్రంతా రోగుల మధ్య నిలబడి వచ్చి పగలు పడుకోవలసిన మనిషికి, నలుగురు తిరిగే గదిలో నిద్ర ఎక్కడ పడుతుంది? పైగా తమ్ముడికి వేరే హాస్టలు, వేరే ఖర్చు. ఇద్దరూ ఒకచోట వండుకుని తింటే మేలని మా సతీమణి అన్నది. ఆ విధంగా ఇల్లు వెదకడం మొదలైంది.

అమీర్‌పేట చుట్టుపక్కల అద్దెలు ఫోనులో వింటేనే మాకు నోట మాట రాలేదు. అప్పుడు మా అమ్మాయి కాగితం మీద ఒక గీత గీసింది. "నాన్నా, ఇది మెట్రో రైలు దారి. ఈ చివర మియాపూర్, ఆ చివర ఎల్బీనగర్, నడుమ అమీర్‌పేట. మన భద్రాచలం బస్సు సూర్యాపేట మీదుగా పోయి ముందు ఎల్బీనగర్‌లోనే ఆగుతుంది కదా. ఆ వైపు ఏ స్టేషను దగ్గరైనా సరే, ఒక్క రైలు ఎక్కితే చాలు, మధ్యలో మారే పని లేదు" అన్నది.

ఆ మాట నిజమే. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య మొదలైంది. అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు ఉన్న భాగము 2018 సెప్టెంబరు 24న తెరిచారు. ఎల్బీనగర్ తరువాత విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట – ఈ పేర్లను మా సతీమణి ఆదివార బడి పిల్లలు వాక్యము వల్లించినట్లు బస్సులో వల్లిస్తూనే ఉన్నది. సారపాకలో రాత్రి ఎక్కిన బస్సు తెల్లవారుజామున మమ్మల్ని ఎల్బీనగర్‌లో దింపింది. రోడ్డుకు పైన, ఆకాశంలో కట్టిన వంతెన మీద రైలు పోతుంటే మేము ముగ్గురమూ తలెత్తి చూశాము. తమ్ముణ్ణి ఇంటి కాపలాకు ఊళ్ళోనే ఉంచాము.

మొదటి రోజే ఒక లెక్క తెలిసింది. స్టేషను మెట్ల పక్కన అపార్టుమెంటులో రెండు గదులు 14,000 రూపాయలు, మెయింటెనెన్సు వేరే. పది నిమిషాలు లోపలికి నడిస్తే 10,000. ఆటో ఎక్కవలసినంత దూరమైతే 7,000. చవకగా ఉన్నదని మేము ఆ మూడో దానికి ఆశపడ్డాము. మా అమ్మాయి నవ్వి, "రెండు పూటలా ఆటోకు ఎంత అవుతుందో కలుపు నాన్నా" అన్నది. కలిపితే పదివేలు దాటింది. దూరంగా ఉన్న ఇంటి అద్దెలో కొంత ఇంటివానికి, కొంత ఆటోవానికి పోతుందన్నమాట. ఇంకొక సంగతి కూడా లెక్క వేసుకున్నాము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను టిక్కెట్టు లేదు. మెట్రో రైలుకు మాత్రం డబ్బు కట్టవలసిందే. అప్పటికి దాని కనీస ఛార్జీ 10 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 60; 2025 మే నెలలో పెంచారు. అందుచేత వేళకు చేరవలసిన ఉదయం రైలు, తొందర లేని సాయంత్రం బస్సు అని అమ్మాయి నిర్ణయించుకుంది. రెండూ దొరికే చోటే ఇల్లు కావాలి.

ఇక ఇళ్ళ సంగతి. గేట్లకు "టు లెట్" అట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. కొన్నిటి కింద "శాకాహారులకు మాత్రమే" అని ఉన్నది. వాటిని దాటిపోయాము, ఎవరి ఇల్లు, ఎవరి వంటగది వారిష్టం అనుకున్నాము. కొందరు తలుపు సగమే తీసి, "బ్యాచిలర్స్‌కు ఇవ్వమండీ" అన్నారు. అక్కా తమ్ముడు అని చెబితే, "అక్కా తమ్ముళ్ళని నమ్మకం ఏమిటి?" అని ఒకావిడ అడిగింది. మా అమ్మాయి తలవంచుకుని రెండు ఆధార్ కార్డులు తీసి, తండ్రి పేరు ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. మా సతీమణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఇల్లు మాకు వద్దనిపించి మేమే దిగివచ్చాము.

రెండో రోజు మధ్యాహ్నం ఒక మంచి పోర్షను దొరికింది. స్టేషనుకు ఆరు నిమిషాల నడక. గాలి, వెలుతురు, వేరే కరెంటు మీటరు. ఇంటి యజమాని రిటైరైన ఉద్యోగి, పెద్దమనిషి. కుర్చీలు వేయించి, మంచినీళ్ళిచ్చి, "ఏం చేస్తుంటారండీ?" అని మమ్మల్ని అడిగాడు.

ప్రియులారా, ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. అప్పటికి రెండు రోజులుగా తలుపులు మూసుకోవడం చూస్తున్నాము. "బోధన పని అండీ" అన్నాము. అబద్ధం కాదు; నిజమూ కాదు. ఆయన ముఖం విప్పారింది. "మాస్టారా! మా నాన్నగారు కూడా మాస్టారే" అని, 10,500 చెప్పిన అద్దెను 9,500కు దించాడు. మేము వెయ్యి రూపాయలు బయానా ఇచ్చి నమస్కారం చేసి మెట్లు దిగాము.

గేటు దగ్గర అమ్మాయి ఆగిపోయింది. "నాన్నా, ఆయన నిన్ను బడిపంతులు అనుకున్నాడు. నువ్వు ఊరుకున్నావు" అన్నది. రేపు ఆదివారం బైబిలు పట్టుకుని గుడికి వెళ్ళినప్పుడు ఆయనకు తెలియదా, తెలిసిన రోజు ఆ ఇంట్లో తాను తల ఎట్లా ఎత్తుకోవాలి అని అడిగింది. మేము ఏదో సర్దిచెప్పబోయాము. అది వినకుండా మెట్లెక్కి పైకి వెళ్ళింది. మేమూ వెనుకనే వెళ్ళాము. "అంకుల్, మా నాన్న బడిలో టీచర్ కాదండి. పాస్టర్. మీకు ముందే చెప్పాలని వచ్చాను" అన్నది.

ఆయన కోప్పడలేదు. కాసేపు లోపలికి వెళ్ళి వచ్చి, వెయ్యి రూపాయలు మా చేతిలో పెట్టాడు. "మీరు మంచివారే. మాకైతే పరవాలేదు గాని ప్రార్థనలు పెడతారు, పదిమంది వస్తారు, కింద పోర్షను వాళ్ళు ఊరుకోరు. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆయన మీద మాకు కోపం రాలేదు. ఇరవై ఏళ్ళుగా సత్యము పలకమని బోధించే మాకు, ఆ సంగతి మా కూతురు గుర్తు చేయవలసి వచ్చిందే అన్న సిగ్గుతో మాట పెగల్లేదు.

చైతన్యపురి స్టేషను మెట్ల కింద కూర్చున్నాము. చినుకులు పడుతున్నాయి. దగ్గరలో ఒక ఇస్త్రీ బండి ఉన్నది. మా సతీమణి ఆ ఇస్త్రీ ఆయనను, "అన్నా, ఇక్కడ ఇళ్ళేమైనా ఖాళీ ఉన్నాయా?" అని అడిగింది. ఆయన పెట్టె పక్కన పెట్టి, "వారం నుండి మూడో వీధి అమ్మమ్మగారి పైపోర్షను బట్టలు రావట్లేదమ్మా. ఖాళీ అయినట్టుంది. అట్ట కట్టలేదు, అడిగి చూడండి" అన్నాడు. ఎవరింట్లో ఎవరు దిగారో, ఎవరు ఖాళీ చేశారో ఆ వీధిలో ఇస్త్రీ ఆయనకంటే బాగా తెలిసినవారు లేరు. పట్నంలో ఇల్లు వెదికేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ ఇల్లు స్టేషనుకు పన్నెండు నిమిషాలు. ముంగిట్లో తులసికోట. డెబ్బై దాటిన పెద్దావిడ ఒక్కతే కింద ఉంటుంది. ఈసారి ఆమె అడగకముందే అన్నీ చెప్పేశాము: పాస్టరు, బూర్గంపాడు, అక్కా తమ్ముడు, నర్సు పని, నీచు తింటాము. ఆమె అంతా విని, మా అమ్మాయి వంక చూసి ఒకటే అడిగింది. "రాత్రి డ్యూటీలు ఉంటాయా తల్లీ?"

ఉంటాయని అమ్మాయి చెప్పింది. ఇది కూడా పోయిందనే అనుకున్నాము.

"అయితే గేటుకు ఇంకో తాళంచెవి చేయించాలి. నాకు మోకాళ్ళ నొప్పులు, ఏ వేళప్పుడు వస్తే ఆ వేళప్పుడు లేచి తీయలేను. తులసికోట దగ్గర మాత్రం చెప్పులు విడవకండి" అన్నది.

అద్దె 8,500, రెండు నెలలది అడ్వాన్సు. పదకొండు నెలలకు అగ్రిమెంటు. ఎందుకు పదకొండు అని చాలామంది అడుగుతుంటారు. ఏడాదికి మించిన కౌలు ఒప్పందానికే రిజిస్ట్రేషను ఖర్చు ఉంటుందని సాధారణంగా అనుకుంటారు. ఆ ఖర్చు లేకుండా పదకొండు నెలలకు రాసుకుని, తరువాత మళ్ళీ రాసుకుంటారు. నీళ్ళు ఏ రోజుల్లో వస్తాయి, కరెంటు మీటరు వేరేనా, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, రంగుల ఖర్చు అడ్వాన్సులో కోస్తారా అనేవి నోటిమాటగా వదలకుండా కాగితం మీద రాయించుకున్నాము. మీరు కూడా అట్లే చేయండి.

బయానా ఇచ్చే ముందు మా సతీమణి ఒక పని చేయించింది. "పగలు చూసిన ఇల్లు రాత్రి వేరు. అమ్మాయి నడిచినట్టే మనం నడిచి చూద్దాం" అన్నది. ముగ్గురం మెట్రోలో అమీర్‌పేట వెళ్ళి, రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ రైలెక్కి తిరిగివచ్చాము. స్టేషను నుండి ఇంటిదాకా వీధి దీపాలు లెక్కపెట్టుకుంటూ నడిచాము. ఒకచోట రెండు స్తంభాలకు దీపం లేదు. ఆ సందు వదిలి, కొంచెం చుట్టైనా మందుల షాపు, కూరగాయల బండ్లు ఉన్న వీధినే రావాలని ఖాయం చేసుకున్నాము. అప్పుడే ఆ నడక పదిహేను నిమిషాలైంది. అయినా మా సతీమణి "ఈ దారి సరే" అన్నది. ఆ రాత్రే ఆ పెద్దావిడ చేతిలో బయానా పెట్టాము.

మూడో రోజు కాగితాల పని, తాళంచెవి పని ముగించుకుని, ఉద్యోగంలో చేరే రోజు దగ్గరపడినందున అమ్మాయిని కొత్త ఇంట్లో దింపి రాత్రి బస్సెక్కాము. ఖమ్మం దాటాక, నిద్రపోయిందనుకున్న మా సతీమణి మెల్లగా అన్నది: "ఆ మిరపకోత వాళ్ళను మనం ఏమడిగామో గుర్తుందా?"

గుర్తుంది. మరచిపోయినట్లు ఉన్నాము, అంతే.

మా ప్రాంతంలో మిరపకోతల కాలానికి ఛత్తీస్‌గఢ్ నుండి కూలి జనం పిల్లాజెల్లాతో వస్తారని ఈ వైపు వారందరికీ తెలిసినదే. 2023 ఫిబ్రవరిలో అటువంటి ఒక జంట, చంకలో దగ్గుతున్న బిడ్డతో మా గుమ్మం దగ్గరకు వచ్చారు. మందిరం పక్కన మేముండే ఇంటికి ఆనుకుని ఒక రేకుల గది ఉన్నది. విరిగిన బల్లలు, పాత జంఖానాలు, ఊక బస్తాలు తప్ప అందులో ఏమీ లేవు. రెండు నెలలకు అద్దెకు ఇమ్మన్నారు. మేము ఏమడిగాము? ఎంతమంది వస్తారు, ఏమి తింటారు, ఏమి తాగుతారు, ఆధార్ ఉన్నదా, ఎవరైనా తెలిసినవారు ఉన్నారా? వాళ్ళు ఒకదానికి జవాబు చెప్పేలోగా ఇంకొకటి అడిగాము. చివరకు "గది వేరేవాళ్ళకు మాట ఇచ్చేశాం" అన్నాము. ఎవ్వరికీ మాట ఇవ్వలేదు. భాష తెలియదని మనసుకు నచ్చజెప్పుకున్నాము. కోయ మాట్లాడేవారు మా సంఘంలోనే ఉన్నారు, పిలిస్తే వచ్చి మాట్లాడేవారు. వారం తరువాత ఇంటి ప్రార్థనకు వెళ్తూ ఆ జంటను మిరప చేను గట్టున చూశాము. నాలుగు కర్రల మీద పరదా కప్పుకుని ఉన్నారు. బిడ్డ ఇంకా దగ్గుతూనే ఉన్నది. మేము బండి ఆపలేదు.

ఇందులో మరీ బరువైన మాట ఒకటున్నది. దానికి ఏడు నెలల ముందే, 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు మేము ఎరుగము. బూర్గంపాడులో నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు మేమూ మూటలు నెత్తిన పెట్టుకుని బయటపడ్డాము. మెరకన ఉన్న ఒక కుటుంబం వారు మమ్మల్ని తొమ్మిది రోజులు తమ వరండాలో ఉంచుకున్నారు. వాళ్ళు మా సంఘస్థులు కారు. ఎంతమంది, ఏమి తింటారు అని అడగలేదు. చాపలు ఎన్ని కావాలని అడిగారు. ఆ చాపల మీద పడుకుని లేచిన మేము, ఏడు నెలలకే గది లేదని అబద్ధమాడాము.

వేదాంత డిప్లొమా చదివే రోజుల్లో, పౌలు రోమా పట్టణములో రెండు సంవత్సరాలు అద్దె ఇంట కాపురమున్నాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాము. ఆ ఇల్లు ఎవరిదో లేఖనము చెప్పదు. ఇన్నేళ్ళలో అది ఎవరిదని మేమూ ఆలోచించలేదు. పౌలు అప్పుడు ఖైదీ. కావలికి ఒక సైనికుడు కూడా ఉండేవాడు. పరదేశి, తీర్పు కాని మనిషి, గుమ్మంలో సైనికుడు, ఎప్పుడూ వచ్చిపోయే జనం. అటువంటివానికి ఎవరో ఇల్లిచ్చారు. వచ్చినవారందరికీ పౌలు బోధించింది ఆ అద్దె ఇంట్లోనే. ఆ రాత్రి బస్సులో ఆ పేరు తెలియని ఇంటివాడే మా కళ్ళ ముందు మెదిలాడు.

ఊరికి వచ్చి ఆ జంట కోసం విచారించాము. కోతలు అయిపోగానే వెళ్ళిపోయారనీ, తరువాత ఈ వైపు రాలేదనీ చేను ఆసామి చెప్పాడు. బిడ్డ సంగతి ఆయనకు తెలియదు. మేము చేసినదానిని సరిదిద్దుకునే వీలు మాకు దొరకలేదు. దీనిని మెత్తబరచి రాయలేము.

చేయగలిగింది చేశాము. గదిలోని బల్లలు బాగుచేయించి మందిరంలో వేశాము. ఊక బస్తాలు తీయించి, గచ్చు వేయించాము. గదిని బయటివారికి ఇస్తామంటే సంఘ పెద్దలలో ఇద్దరు ఒప్పుకోలేదు. వారికి పైన రాసిన కథంతా చెప్పాము. ఒకరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆయనతో పోట్లాడే అర్హత మాకు లేదు, ఎందుకంటే నిన్నటిదాకా మేమూ ఆయన మాటే మాట్లాడాము. 2025 ఫిబ్రవరిలో కోతలకు వచ్చిన ఒక కుటుంబం ఆ గదిలో దిగింది. అంతా తీపిగా జరగలేదు. పొయ్యి పొగకు సున్నం గోడ నల్లబడితే మా సతీమణి రెండు రోజులు ముఖం ముడుచుకున్నది. పిల్లలు బావి దగ్గర బకెట్టు పగలగొట్టారు. ఏప్రిల్‌లో వెళ్ళేటప్పుడు ఆ తల్లి ఒక సంచిలో ఎండుమిరపకాయలు గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

చదువరులారా, పిల్లలను పట్నం పంపేటప్పుడు ప్రార్థించండి. దానితోపాటు వారు నడవబోయే దారిలో రాత్రిపూట ఒకసారి నడిచి చూడండి. అద్దెతో ఆటో ఖర్చు కలిపి లెక్క వేయండి. ఉన్నది ఉన్నట్టు ముందే చెప్పండి. దాచిపెట్టి సంపాదించిన గదిలో మీ బిడ్డ నిద్రపోలేదు. ఇంటికి తిరిగివచ్చాక మీ దొడ్లో ఖాళీగా ఉన్న గది ఏదైనా ఉన్నదేమో చూసుకోండి. దాని కోసం మీ గుమ్మం ముందు నిలబడే మనిషిని మీరేమి అడుగుతారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.

మా గదికి మొన్న సారపాకలో రెండో తాళంచెవి చేయించాము. ఒకటి మా దగ్గర మేకుకు వేలాడుతున్నది. మరొకటి ఈ కోతలకు వచ్చేవారి కోసం ఉంచాము.